తవక్కుల్, తద్బీర్, హెల్మెట్: ఒక చిన్న తారీఖ్



హెల్మెట్ మాట ఎత్తితే చాలు, మన మహల్లాల్లో ఒక జవాబు తయారుగా ఉంటుంది. "మౌత్ రాసిపెట్టి ఉంటే హెల్మెట్ ఆపుతుందా భాయ్? అల్లాహ్ మీద తవక్కుల్ ఉండాలి గానీ!" ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఐదు పూటలా నమాజు చదివేవాళ్లు, పిల్లల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు. వాళ్ల ఈమాన్ మీద నాకు ఎలాంటి షక్ లేదు. తవక్కుల్ అనే లఫ్జుకు వాళ్లు చెబుతున్న మానీ మీదే నాకు ఎతరాజ్. నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వలేను. తారీఖ్ చదివే అలవాటు ఉన్నవాణ్ణి కాబట్టి, తలకు పెట్టుకునే ఈ డిప్ప మన దాకా ఎలా వచ్చిందో చెబుతాను. ఆ తర్వాత ఫైసలా మీదే.

ఉహద్ మైదానంలో

తలకు తొడుగు మనకు కొత్త చీజ్ కాదు. అరబ్బులు ఇనుప టోపీని బైజా అనేవాళ్లు. ఇనుప కడియాలు గొలుసుగా అల్లి తల మీదుగా దించుకునే దాన్ని మిగ్‌ఫర్ అనేవాళ్లు. గ్మనించండి, మగ్‌ఫిరత్ అనే లఫ్జు పుట్టింది కూడా ఆ ధాతువు నుంచే. కప్పడం, కాపాడడం అనేది దాని అసలు మానీ.

హిజ్రీ 3లో ఉహద్ జంగ్ జరిగింది. ఆ రోజు మన నబీ (స) ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి రెండు జిరహ్‌లు తొడుక్కున్నారని హదీసు గ్రంథాలు చెబుతాయి. అల్లాహ్ రసూల్ కన్నా ఎక్కువ తవక్కుల్ ఎవరికుంటుంది? అయినా రెండు తొడుక్కున్నారు. ఆ జంగ్‌లో ఆయన తల మీది ఇనుప టోపీ పగిలింది, ముందు పన్ను విరిగింది, ముఖం నెత్తురుతో తడిసింది. హజ్రత్ అలీ (ర) నీళ్లు పోస్తుంటే బీబీ ఫాతిమా (ర) ఆ నెత్తురు కడిగారు. అది ఆగకపోతే చాప ముక్క కాల్చి ఆ బూడిద అద్దారు. చెంపలో దిగబడిన కడియాలను హజ్రత్ అబూ ఉబైదా (ర) పళ్లతో పట్టి లాగారని, ఆ లాగడంలో తన ముందు పళ్లే పోగొట్టుకున్నారని సీరత్ కితాబులు రాశాయి.

ఇప్పుడు మన మహల్లా లెక్క ప్రకారం ఏం అనాలి? "చూశారా, పెట్టుకున్నా గాయం అయ్యింది, ఇంక దానితో ఫాయిదా ఏముంది?" అనాలి. మరి ఆయన ఏం చేశారు? ఐదేళ్లు గడిచాక, హిజ్రీ 8లో, ఫతహ్ మక్కా రోజున పదివేల మంది వెంట ఉండగా మక్కాలోకి వచ్చినప్పుడు కూడా ఆయన తల మీద మిగ్‌ఫర్ ఉందని బుఖారీ షరీఫ్‌లో ఉంది. ఒకసారి పగిలిందని దాన్ని వదిలేయలేదు. హెల్మెట్ పెట్టుకున్నవాళ్లూ చనిపోతున్నారు కదా అనే మన కుర్రాళ్లకు నా దగ్గర ఇంతకన్నా పెద్ద దలీల్ లేదు.

ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యాలా, వదిలేసి చెయ్యాలా అని అడిగినవాడికి కట్టేసి చెయ్యమని చెప్పిన తిర్మిజీ హదీసు మీ అందరికీ తెలిసిందే. తద్బీర్ మన వంతు, తఖ్దీర్ అల్లాహ్ చేతిలోది. మొదటిది ఎగ్గొట్టి రెండోదాని మీద నింద వెయ్యడం తవక్కుల్ కాదు.

రేసు మైదానం డాక్టరు

ఇక మోటార్ సైకిల్ జమానాకు వద్దాం. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే చోట 1907లో మోటారు పందేల కోసం ఒక ట్రాక్ కట్టారు. అక్కడ ఎరిక్ గార్డ్నర్ అనే డాక్టరు పనిచేసేవాడు. పందేల్లో పడిపోయి తల దెబ్బలతో వచ్చేవాళ్లను చూసి చూసి, గట్టి కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి ఒక టోపీ చేయించాడు. లక్క అంటే మన గాజులవాళ్లు వాడే లక్కే. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగే పెద్ద పందెం వాళ్లు ఆ టోపీని లాజిమీ చేశారు. పందెగాళ్లు మొదట మొహం చిట్లించినా పెట్టుకోక తప్పలేదు.

కానీ అది పందెగాళ్లకే. రోడ్డు మీద రోజూ తిరిగే మామూలు మనిషికి తలకు రక్షణ కావాలని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. ఆ ఆలోచన రావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పైనే పట్టింది. దాని వెనక ఒక మౌత్ ఉంది. ఆ మనిషి పేరు మన బుజుర్గులకు చేదు.

లారెన్స్ చివరి సవారీ

థామస్ ఎడ్వర్డ్ లారెన్స్. లారెన్స్ ఆఫ్ అరేబియా అని దునియా పిలిచే ఆ అంగ్రేజ్. డమాస్కస్ నుంచి మదీనా మునవ్వరా దాకా 1908లో పూర్తయిన హిజాజ్ రైల్వేకు హిందుస్తాన్ ముసల్మాన్లు కూడా చందాలిచ్చారు. హాజీలు సుఖంగా వెళ్లాలని పేదలు సైతం తమకు తోచింది ఇచ్చారు. 1916లో అరబ్బుల బగావత్ మొదలయ్యాక ఆ పట్టాలనే బారూదు పెట్టి పేల్చినవాళ్లలో ముఖ్యుడు ఈ లారెన్స్. అరబ్బులకు ఆజాదీ అని ఒకపక్క వాదా చేస్తూనే మరోపక్క ఇంగ్లండు, ఫ్రాన్సు ఆ జమీన్‌ను సైక్స్-పికో ఒప్పందంతో పంచుకున్నాయి. ఆ బాధలన్నీ కలిసే ఇక్కడ ఖిలాఫత్ తహ్రీక్ అయ్యాయి. కాబట్టి ఈ మనిషి మీద నాకు మొహబ్బత్ ఉందనుకోకండి.

జంగ్ ముగిశాక లారెన్స్ షోహ్రత్ నుంచి పారిపోయి, పేరు మార్చుకుని షా అనే మామూలు సిపాయిగా ఎయిర్‌ఫోర్స్‌లో చేరాడు. 1927లో కరాచీలో, 1928లో వజీరిస్తాన్ మీరన్‌షాలో పనిచేశాడు. ఆయనకు మిగిలిన ఒకే ఒక షౌక్ మోటార్ సైకిల్. బ్రో సుపీరియర్ అనే ఖరీదైన బండ్లు ఒకదాని తర్వాత ఒకటి ఏడు నడిపాడు. అందులో ఎస్ఎస్ 100 అనే రకం గంటకు 100 మైళ్లు, అంటే సుమారు 160 కిలోమీటర్ల వేగం అందుకుంటుందని కంపెనీ హామీ ఇచ్చేది.

1935 మే 13న డోర్సెట్ జిల్లాలోని తన చిన్న ఇంటి నుంచి దగ్గర్లోని బోవింగ్టన్ మిలటరీ క్యాంపుకు వెళ్లి, ఒక దోస్తుకు టెలిగ్రాం ఇచ్చి తిరిగి వస్తున్నాడు. ఇంటికి చేరువలోనే రోడ్డు ఒకచోట పల్లంలోకి దిగుతుంది. ఆ పల్లంలో సైకిళ్ల మీద పోతున్న ఇద్దరు కుర్రాళ్లు దగ్గరికి వచ్చేదాకా కనపడలేదు. వాళ్లను తప్పించబోయి బండి అదుపు తప్పింది. కుర్రాళ్లు బతికారు. లారెన్స్ తల నేలకు కొట్టుకుంది. తల మీద ఏమీ లేదు. ఆరు రోజులు హోష్ లేకుండా పడి ఉండి మే 19న చనిపోయాడు. అప్పటికి 46 ఏళ్లు.

ఇందులో మనం పట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఏడు బండ్లు నడిపిన ఉస్తాద్ అతను. అలవాటైన రోడ్డు, సొంత ఇంటి చేరువ. తజుర్బా తక్కువై జరిగింది కాదు. కంటికి కనపడని చోట ఏముందో ఏ ఉస్తాద్‌కూ తెలియదు. మలుపు అవతల, గతుకు అవతల, ఆగి ఉన్న బస్సు ముందు ఏముందో తెలియనప్పుడు, కనపడినంత దూరంలో ఆపగలిగే వేగమే మన హద్దు.

ఆక్స్‌ఫర్డు సర్జను లెక్క

లారెన్స్ పడి ఉన్నప్పుడు పిలిపించిన డాక్టర్లలో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు సర్జను ఉన్నాడు. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో హార్వీ కుషింగ్ అనే గొప్ప ఉస్తాద్ దగ్గర ఈ హునర్ నేర్చుకుని వచ్చినవాడు. ఆయన చేతిలోనూ ఏమీ లేకపోయింది. మెదడు అప్పటికే చితికిపోయింది.

తర్వాత దునియా రెండో జంగ్ వచ్చింది. లండన్ రాత్రుళ్లు చీకట్లో మునిగాయి. బాంబుల భయంతో వీధి దీపాలు ఆర్పేశారు, బండ్ల లైట్లకు ముసుగులు వేశారు. ఫౌజులో కబుర్లు మోసేవాళ్లు ఆ చీకట్లోనే మోటార్ సైకిళ్ల మీద పరుగులు తీసేవాళ్లు. కెయిర్న్స్ లెక్క తీశాడు. జంగ్‌కు ముందు 21 నెలల్లో రోడ్ల మీద మోటార్ సైకిల్ వాళ్లు 1,884 మంది చనిపోతే, జంగ్ మొదలైన 21 నెలల్లో 2,279 మంది చనిపోయారు. అంటే 21 శాతం పెరిగింది. తన దగ్గరికి తల దెబ్బలతో వచ్చినవాళ్లలో హెల్మెట్ ఉన్నవాళ్లు ఏడుగురే. ఆ ఏడుగురూ బతికారు. 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఇదంతా అచ్చు వేయించాడు. నవంబరులో ఫౌజు మోటార్ సైకిల్ నడిపే సిపాయిలందరికీ హెల్మెట్ లాజిమీ చేసింది.

ఏడుగురు అనేది చిన్న లెక్కే. ఆ సంగతి కెయిర్న్స్‌కూ తెలుసు. అందుకే అక్కడితో ఆగకుండా మళ్లీ 1943లో, 1946లో లెక్కలు తీశాడు. హుకుం వచ్చిన తర్వాతి ఏళ్లలో మోటార్ సైకిల్ మరణాలు తగ్గుతూ వచ్చాయని చూపించాడు. పెట్రోలు కరువు వల్ల బండ్లు తగ్గడం కూడా అందుకు ఒక కారణమే. కానీ పగిలిన హెల్మెట్లూ వాటి కింద బతికిన తలలూ ఆయన ఎదురుగానే ఉన్నాయి. ఆయన 1952లో, 56 ఏళ్లకే కన్నుమూశాడు. తన దేశంలో మామూలు జనానికి హెల్మెట్ కానూన్ రావడం ఆయన చూడలేదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో 1961లో, బ్రిటన్‌లో 1973లో అది వచ్చింది.

ఒక సర్జను చేతిలో చనిపోయినవాళ్ల గురించి దుఃఖపడి ఊరుకోవడం వేరు, ఆ దుఃఖాన్ని లెక్కగా మార్చి ఇతరుల ప్రాణాలు నిలబెట్టడం వేరు. కెయిర్న్స్ మన ఖౌమ్ వాడు కాదు. కానీ ఒక జాన్‌ను కాపాడడం మొత్తం ఇన్సానియత్‌ను కాపాడినంత అని నమ్మే మనకు ఆయన పని విలువ తెలియాలి.

లోపలి నురుగు చేసే పని

చాలామంది హెల్మెట్ అంటే పైన కనపడే గట్టి డిప్ప అనుకుంటారు. అసలు కాపాడేది లోపలుంది. కెయిర్న్స్‌తో కలిసి పనిచేసిన హోల్‌బోర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త జెలటిన్‌తో మెదడు నమూనా చేసి, తల ఒక్కసారిగా తిరిగినప్పుడు లోపల మెదడు ఎలా మెలిపడుతుందో చూపించాడు. పుర్రె పగలకపోయినా మెదడు పాడవగలదని అప్పుడే తేలింది. 1953లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు గట్టి డిప్ప లోపల నలిగిపోయే పొర పెట్టిన హెల్మెట్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఇప్పుడు మనం వాడేది ఆ ఖాన్‌దాన్‌దే.

థర్మకోల్ లాంటి ఆ పొర దెబ్బను తను తిని నలుగుతుంది. తల ఆగడానికి పట్టే సమయాన్ని కొన్ని మిల్లీ సెకన్లు పెంచుతుంది. ఆ కొన్ని మిల్లీ సెకన్లే జిందగీ. ఒకసారి నలిగిన పొర మళ్లీ లేవదు. కాబట్టి ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనపడినా దాని పని అయిపోయినట్టే. రోడ్డు పక్క తోపుడు బండి మీద అమ్మే సగం టోపీల్లో చాలావాటికి ఈ పొరే ఉండదు. అది పోలీసు చలాన్ నుంచి కాపాడొచ్చు, రోడ్డు నుంచి కాపాడదు. గడ్డం కింద బెల్టు పెట్టుకోకపోతే మంచి హెల్మెట్ అయినా తలకన్నా ముందే ఎగిరిపోతుంది.

"పక్క గల్లీ మసీదుకే కదా, ఎంత వేగంగా పోతాం?" అంటారు. లెక్క చూడండి. బండి ఆగి ఉన్నా, నిలబడ్డ మనిషి ఎత్తు నుంచి తల నేలకు తగిలితే తగిలే వేళకు దాని వేగం గంటకు సుమారు 20 కిలోమీటర్లు ఉంటుంది. సిమెంటు రోడ్డుకు అది చాలు.

దెబ్బ తగలకుండానే ఉండాలంటే

హెల్మెట్ ఆఖరి పహరా మాత్రమే. అసలు పడకుండా ఉండడం ఎలా అన్న దాని మీదా ఒక పెద్ద తహ్‌ఖీఖ్ జరిగింది. హ్యారీ హర్ట్ అనే ఇంజనీరు లాస్ ఏంజిలిస్ చుట్టుపక్కల జరిగిన సుమారు 900 మోటార్ సైకిల్ ప్రమాదాల చోటికి స్వయంగా మనుషుల్ని పంపి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చాడు. దేశం వేరు, రోడ్లు వేరు. అయినా అందులో కొన్ని మాటలు మన మహల్లా గురించి రాసినట్టే ఉంటాయి.

ప్రమాదాల్లో పడ్డవాళ్లలో 92 శాతం మంది సవారీ తమంతట తాముగానో, ఇంట్లోవాళ్ల దగ్గరో, దోస్తుల దగ్గరో నేర్చుకున్నవాళ్లే. మన పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారు? మామూ బండి మీద, ఖాలీ ఈద్‌గాలో, ఒక్క సాయంత్రంలో. ఎక్కువ ప్రమాదాలు చిన్న ప్రయాణాల్లో, బయల్దేరిన కాసేపటికే జరిగాయి. వేరే బండితో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు అవతలివాడు మోటార్ సైకిల్‌కు దారి ఇవ్వకుండా అడ్డం రావడం వల్లే జరిగాయి, అదీ ఎక్కువగా కూడళ్లలో. అవతలి డ్రైవరుకు బైకు కనపడనే లేదు. ప్రమాదం కనపడ్డప్పటి నుంచి ఢీకొట్టేదాకా రెండు సెకన్ల వ్యవధి కూడా లేదు. ఆ రెండు సెకన్లలో చాలామంది వెనక బ్రేకు గట్టిగా తొక్కి జారిపోయారు, ఎక్కువ పని చేసే ముందు బ్రేకును సరిగా వాడలేదు.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. బ్రేకు మీద చెయ్యి పడేలోపే అంత దూరం పోయినట్టే. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలవుతుంది. అందుకే కూడలి వచ్చినప్పుడు మనకే హక్ ఉన్నా వేగం తగ్గించాలి, వేళ్లు బ్రేకు మీద ఉండాలి, ఆటోవాడు మనల్ని చూడలేదనే అనుకోవాలి. హక్ మనదైనా నొప్పీ మనదే అవుతుంది.

మన దేశంలో కానూన్లు కూడా ఈ తహ్‌ఖీఖ్‌ల దారిలోనే నడిచాయి. 2017 నుంచి కొత్త బండ్ల ముందు లైటు పగలు కూడా వెలిగేది అవతలివాడికి కనపడాలనే. 2019 నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, చిన్నవాటికి రెండు బ్రేకులు కలిసి పడే ఏర్పాటు లాజిమీ చేసింది చక్రం జారకుండా ఉండాలనే.

మన ఇల్లు, మన జిమ్మేదారీ

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. హెల్మెట్ లేక చనిపోయినవాళ్లు 50,029 మంది అని ప్రభుత్వ నివేదికే చెబుతోంది. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. ఈ ఆఖరి అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మన ఇళ్లల్లో హెల్మెట్ ఉన్నా ఒక్కటే ఉంటుంది, అది మగవాడి తల మీదే ఉంటుంది. వెనక బీవీ బుర్ఖాలో ఒకపక్కకు కూర్చుని, ఒడిలో చంటిబిడ్డ, ముందు ట్యాంకు మీద పెద్దవాడు. నెల్లూరు రొట్టెల పండుగకైనా, కడప ఉర్సుకైనా, పక్క ఊరి నికాహ్‌కైనా ఇదే కాఫిలా.

1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ముందు కూర్చున్నవాళ్లకూ వెనక కూర్చున్నవాళ్లకూ హెల్మెట్ తప్పనిసరి అంటుంది. 2019 సవరణ నాలుగేళ్లు దాటిన పిల్లల్నీ అందులో చేర్చింది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా ఉన్న పిల్లలకు బెల్టు జోడు, చిన్న హెల్మెట్, 40 కిలోమీటర్లు దాటని వేగం అని 2022లో రూల్ వచ్చింది. పగ్డీ కట్టుకున్న సిక్కు భాయీలకు ఆ సెక్షన్ రిఆయత్ ఇచ్చింది. మన టోపీకి ఆ రిఆయత్ లేదు, అక్కర్లేదు కూడా. టోపీ మడిస్తే జేబులో పడుతుంది, మసీదు గేటు దగ్గర తీసి పెట్టుకోవచ్చు. హిజాబ్ మీద హెల్మెట్ చక్కగా పడుతుంది, పిన్నులు లేకుండా చదునుగా కట్టుకుంటే చాలు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే జాలీ, పట్టుకునే పిడి, కాళ్లు పెట్టే మెట్టు ఉండాలని కేంద్ర నిబంధనల్లోనే ఉంది. షోకు కోసం ఆ జాలీ పీకేసే కుర్రాళ్లు అమ్మీ బుర్ఖా కొంగును ఒక్కసారి తలచుకోవాలి.

ఇమామ్ గజాలీ (రహ్) షరీఅత్ కాపాడే ఐదు విషయాలు లెక్కపెట్టారు: దీన్, నఫ్స్, అఖల్, నస్ల్, మాల్. మిగతా అవయవాలకు దెబ్బ తగిలితే ప్రాణానికే గండం. తలకు తగిలితే నఫ్స్, అఖల్ రెండిటికీ గండం. మనిషి బతికే ఉంటాడు, కానీ కన్నబిడ్డను గుర్తుపట్టడు. అలాంటి ఇళ్లను చూసినవాళ్లకు నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు. ప్రపంచమంతటి పరిశోధనలు కలిపి చూసిన కాక్రేన్ సమీక్ష, హెల్మెట్ వల్ల మరణ ప్రమాదం సుమారు 42 శాతం, తల గాయాల ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతాయని తేల్చింది. నూటికి నూరు కాదు. ఉహద్‌లో జిరహ్ కూడా నూటికి నూరు ఆపలేదు.

షబేబరాత్ రాత్రి మరణించినవాళ్ల కోసం దువా చెయ్యడానికి మన పిల్లలు ఖబరస్తాన్‌కు బయల్దేరతారు. ఆ రాత్రే ఖాళీ రోడ్ల మీద ముందు చక్రం లేపి ఆటలాడేవాళ్లూ ఉంటారు. వాళ్లను తిట్టి లాభం లేదు. కొత్త బండికి లక్ష రూపాయలు ఇచ్చిన అబ్బా, దాంతోపాటే ఐఎస్ఐ ముద్ర ఉన్న హెల్మెట్లు రెండు కొనివ్వాలి. పద్దెనిమిదేళ్లు నిండి లైసెన్సు వచ్చేదాకా తాళంచెవి తన దగ్గరే పెట్టుకోవాలి. జుమా బయాన్‌లో ఖతీబ్ సాహెబ్ ఐదు నిమిషాలు ఈ మాట కూడా కలపాలి. మన జిస్మ్ మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. దాని హిసాబ్ కూడా అడుగుతారు.

ఇవాళ మగ్రిబ్ తర్వాత మీ ఇంట్లో ఒక చిన్న గిన్తీ చెయ్యండి: బండి ఎక్కే తలలు ఎన్ని, హెల్మెట్లు ఎన్ని? తక్కువైనన్ని కొనండి. సవారీ దువా చదవండి, బిస్మిల్లాహ్ అనండి, బెల్టు బిగించండి, ఆ తర్వాత తవక్కుల్ చెయ్యండి. అల్లాహ్ మన పిల్లలందరినీ తన హిఫాజత్‌లో ఉంచుగాక. ఆమీన్.